చామే నుంచి ముక్తినాథ్ దాకా కాలినడకన: అన్నపూర్ణ సర్క్యూట్ ఎగువ భాగం, అక్కడి టీ హౌస్‌ల సమీక్ష

నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లివచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఒకరిద్దరు తగులుతారు. వారిలో ఎక్కువమంది పోఖరా నుంచి జోమ్సోమ్ దాకా చిన్న విమానంలోనో, కాళీగండకి లోయ వెంట జీపులోనో వెళ్లి, గుడి వెనక ఉన్న నూట ఎనిమిది ధారల కింద తల తడుపుకుని, మర్నాటికి వెనక్కి తిరిగినవారే. అదే గుడికి తూర్పు దిక్కు నుంచి, మనాంగ్ లోయ మీదుగా, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమ దాటి కాలినడకన చేరే దారి ఒకటి ఉంది. అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టివచ్చే ‘అన్నపూర్ణ సర్క్యూట్’ అనే సుదీర్ఘమైన కాలిబాటలో అది ఎగువ భాగం. చామే నుంచి ముక్తినాథ్ దాకా ఉన్న ఆ భాగాన్నీ, నడిచేవారికి గదీ భోజనమూ ఇచ్చే అక్కడి టీ హౌస్‌లనూ కలిపే ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను, ఎందుకంటే ఆ దారిలో ఒకటి లేనిదే రెండోది లేదు.

తీర్పు ముందే చెబుతాను. నడిచే దారికి అయిదుకు అయిదు మార్కులు. టీ హౌస్‌లకు మనాంగ్ దాకా నాలుగున్నర, ఆ పైన మూడు, కనుమ దిగాక ముక్తినాథ్ కింద ఉన్న రాణీపౌవాలో మళ్లీ నాలుగు. మామూలు హోటలుకు వేసే కొలతతో ఈ మార్కులు వేయలేదు. మూడు వేల మీటర్లు దాటిన చోట పరుపు మందం, స్నానాల గది నిగనిగ వంటివి వెనక వరుసలోకి పోతాయి. ఆ వసతి మనిషిని తొందరపెట్టకుండా, పస్తుంచకుండా, చలికి వణికించకుండా పైకి పంపగలుగుతోందా అన్న ప్రశ్నే ముందుకు వస్తుంది. ఆ లెక్కన మనాంగ్ దాకా ఉన్న ఏర్పాటుకు వంక పెట్టడం కష్టం.

ఈ బాట 1977లో విదేశీయులకు తెరుచుకుంది. అప్పట్లో రోడ్డన్నదే లేని లోయల గుండా వారాల తరబడి నడిచేవారు. ఇప్పుడు తూర్పున మార్స్యాంగ్దీ నది వెంట మనాంగ్ దాకా, పడమట ముక్తినాథ్ దాకా జీపు రోడ్లు వచ్చేశాయి కాబట్టి సర్క్యూట్ పని అయిపోయిందని పాతతరం ట్రెక్కర్లు పెదవి విరుస్తుంటారు. ఆ మాట సగమే నిజం. రోడ్డు మింగినది ఎక్కువగా కింది భాగాన్ని. పిసాంగ్ దగ్గర నదికి ఉత్తరపు వాలు మీద ఎత్తుగా సాగే పాత దారి చాలావరకు, మనాంగ్ దాటాక కనుమ మీదుగా ముక్తినాథ్ చేరే దారి పూర్తిగా, ఇప్పటికీ నడిచేవాడికే దక్కుతాయి.

అందుకే ఈ దారి గురించి అడిగేవారికి నేను మొదట చెప్పేది జీపు ఎక్కడ దిగాలన్న సంగతి. కాఠ్మాండు నుంచి వచ్చేవారు బేసిసహర్‌లో జీపు మారి, చామేలో దిగిపోవాలి. చామే ఎత్తు సుమారు 2,670 మీటర్లు. అక్కడ దిగకుండా అదే జీపులో 3,540 మీటర్ల మనాంగ్ దాకా పోతే కొన్ని రోజులు కలిసివచ్చినట్టే కనిపిస్తుంది గానీ, ఆ కలిసివచ్చినదంతా ఆ రాత్రే తలనొప్పిగా, వాంతులుగా వడ్డీతో వసూలవుతుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలనీ పర్వత వైద్యులు చెప్పే నియమం. చామే, అప్పర్ పిసాంగ్, న్గావల్, మనాంగ్ అన్న మజిలీల వరుస ఆ నియమానికి చక్కగా ఒదుగుతుంది. ఇంకొంచెం డబ్బిస్తే మనాంగ్‌లోనే దింపుతామని జీపువాళ్లు ఊరిస్తారు. వినకూడదు.

చామే నుంచి మొదటి రోజు నడకలో చాలా భాగం జీపు రోడ్డే. దుమ్ము తప్పదు. భ్రతాంగ్ దగ్గర కంచె వేసిన పెద్ద ఆపిల్ తోట, ఆ తరువాత నది మలుపులో ఒకే రాతిపలకగా ఆకాశంలోకి వంగి లేచిన పావుంగ్డా డాండా, ఈ రెండే ఆ రోజుకు చెప్పుకోదగినవి. చనిపోయినవారి ఆత్మలు ఆ పలక మీదుగా పైకి సాగిపోతాయని స్థానిక గురుంగుల నమ్మకం. దాన్ని స్వర్గద్వారి అని కూడా పిలుస్తారు.

పిసాంగ్‌లో దారి రెండుగా చీలుతుంది. కింది దారి నది పక్కన రోడ్డు మీదుగా, ఎక్కువ ఎక్కుడు లేకుండా పోతుంది. పై దారి అప్పర్ పిసాంగ్ నుంచి దేవదారుల మధ్యగా ఒక చిన్న ఆకుపచ్చని మడుగు పక్కనుంచి సాగి, వేలాడే వంతెన దాటి, మంత్రాక్షరాలు చెక్కిన రాళ్ల గోడను ఎడమ వైపుగా చుట్టి, అక్కడినుంచి ఘ్యారు ఊరి దాకా మలుపు మీద మలుపుగా నిట్టనిలువుగా లేస్తుంది. ఆ ఎక్కుడు మూడు వందల యాభై మీటర్లకు పైనే ఉంటుంది, ఎండ నేరుగా వీపు మీద పడుతుంది, మధ్యలో నీళ్లు దొరకవు. అయినా ఈ భాగమంతటిలో ఒక్క పూటే నడిచే వీలుందంటే నేను ఈ పూటనే ఎంచుకుంటాను. ఘ్యారు చేరి వెనక్కి తిరిగితే లోయకు అవతల 7,937 మీటర్ల అన్నపూర్ణ రెండో శిఖరం అడుగు నుంచి కొస దాకా, మధ్యలో ఏ కొండా అడ్డు లేకుండా నిలబడి ఉంటుంది. కింది దారిలో నడిచేవారికి ఆ కొండ పాదాల దగ్గరే నడుస్తున్నందువల్ల ఆ నిడివి అందదు. రాతి గోడలు, మట్టి మిద్దెలు, మిద్దె అంచున పేర్చిన కట్టెలు, ఇరుకు సందుల్లో ఎండుతున్న గడ్డి మోపులతో ఘ్యారు, న్గావల్ రెండూ నడిచేవారి కోసం కట్టినవి కాకుండా మనుషులు బతికే ఊళ్లలా ఉండడం కూడా ఈ దారికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఒక కారణం.

ఇక వసతి. రాతి గోడలు, గదికీ గదికీ మధ్య పలుచని చెక్క, రెండు మంచాలు, దిండ్లు, అడిగితే బరువైన రజాయి, మధ్యలో ఇనప పొయ్యి ఉన్న భోజనాల గది, ఈ నమూనా చామే నుంచి కనుమ దాకా పెద్దగా మారదు. పక్క గదిలో ఎవరైనా పక్కకు ఒత్తిగిలినా మనకు తెలుస్తుంది. గది అద్దె తక్కువే ఉంటుంది, రాత్రి భోజనమూ పొద్దుటి ఫలహారమూ అక్కడే చేయాలన్నది అందుకు షరతు. యజమాని ఇంటిఖర్చు వంటింటి ఆదాయం మీద నడుస్తుంది కాబట్టి గది దగ్గర కాస్త బేరమాడితే నవ్వి ఊరుకుంటారు గానీ, పక్క లాడ్జిలో తిని వచ్చి ఇక్కడ పడుకుంటే మాత్రం ముఖం మాడ్చుకుంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

సాయంత్రం నాలుగు దాటేసరికి లాడ్జి నడిపే దీదీ ఒక పొడవాటి నోటుపుస్తకాన్ని బల్ల మీదికి తోస్తుంది. పేజీ పైన గది నంబరు, కింద చేత్తో గీసిన గడులు. రాత్రికి ఏం కావాలి, ఎన్ని పళ్లేలు, ఎన్ని గంటలకు, పొద్దున్నకు ఏం చేయాలి అన్నది మనమే రాసి ఇవ్వాలి. ఆరింటికని రాసిన భోజనం ఆరింటికే వస్తుంది. ఒకటో రెండో పొయ్యిల మీద లాడ్జి అంతటికీ వండాలి గనుక ఒక బల్ల దగ్గర నలుగురూ నాలుగు రకాలు రాస్తే అందరి తిండీ ఆలస్యమవుతుంది, నలుగురూ ఒకటే రాస్తే దీదీ ముఖం వికసిస్తుంది. మర్నాడు అదే పేజీ అడుగున వేడినీళ్ల థర్మాసు, ఫోను చార్జింగు, బకెట్ వేడినీళ్లు అన్నీ విడివిడిగా పడి, మొత్తం కూడి చూపిస్తారు. కూడిక మళ్లీ చూసుకోవడం అక్కడ తప్పు కాదు, అందరూ చూసుకుంటారు. ధరలు ఊరంతా దాదాపు ఒకేలా ఉంటాయి, ఎత్తుతో పాటు పెరుగుతూ పోతాయి. మనాంగ్ దాటాక గ్యాసు సిలిండరు దగ్గర నుంచి బియ్యం మూట దాకా కంచరగాడిదల మీదో మనిషి వీపు మీదో ఎక్కుతున్నాయని కళ్లారా చూసినవాడికి ఆ పెరుగుదల మీద ఫిర్యాదు మిగలదు.

తిండి విషయంలో మన తెలుగువారికి ఇది అనుకున్నంత కష్టమైన దారి కాదు. దాల్ భాత్ అడిగితే అన్నం, పలుచని పప్పు, బంగాళాదుంప కూర, ఆకుకూర, అప్పడం, పచ్చడి వస్తాయి. అన్నం, పప్పు, కూర వద్దనేదాకా మారు వడ్డిస్తారు. ఇంకే వంటకానికీ ఆ సౌకర్యం లేదు. పప్పుకు జింబూ అనే ఎండబెట్టిన కొండ ఉల్లికాడతో తాలింపు వేస్తారు. వేడి నెయ్యిలో అది నల్లబడుతున్నప్పుడు లేచే వాసన ఇంగువను మరిపిస్తుంది. పచ్చడిలో టిమ్ముర్ గింజలు పడితే కారం కంటే ముందు నాలుకకు తిమ్మిరి తెలుస్తుంది. గుండ్రుక్ అనే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర పులుసు దొరికిన చోట వదులుకోకూడదు, గోంగూర తిని పెరిగిన నాలుకకు అది పరాయిదిగా తోచదు. ఉదయానికి బార్లీ పేలపిండి జావ, లేకపోతే నూనెలో వేయించిన టిబెటన్ రొట్టె తేనెతో బాగుంటాయి. మెనూలో పిజ్జా, పాస్తా, బర్గరు కూడా ఉంటాయి, కానీ వాటికి పట్టే సమయమూ ఇంధనమూ చూసి, వచ్చే రుచీ చూసి, నేను వాటిని సిఫారసు చేయను. మాంసం అసలే వద్దు. అది ఎక్కడ కోసినదో, ఎన్నాళ్లు మూటలో ప్రయాణించిందో అడిగినా సరైన జవాబు రాదు.

బియ్యం ఉడకడం గురించి ఒక మాట. మనాంగ్ ఎత్తులో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, కనుమ కింది ఫేదీ దగ్గర సుమారు 85 డిగ్రీలకే. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండిపోతుంది. ప్రతి వంటింట్లోనూ ప్రెషర్ కుక్కర్ కూత వినిపించడం అందుకే, ఆ కూత వినిపించని లాడ్జిలో అన్నం రాయకపోవడం మంచిది. వెంట కందిపొడో కరివేపాకు పొడో ఒక చిన్న పొట్లం ఉంటే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, ఆ పొట్లం అప్పుడు పనికివస్తుంది. వెల్లుల్లి సూప్ ఎత్తు జబ్బును ఆపుతుందని దారి పొడవునా అందరూ చెబుతారు. ఆపుతుందో లేదో గానీ, అది వేడిగా, ఉప్పగా ఉండి ఒంట్లోకి నీళ్లు పంపుతుంది, ఆ మేరకు మంచిదే.

మనాంగ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండాలి, మూడు ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే చిన్న వైద్య కేంద్రం ఉంది. వసంతంలోనూ, శరత్తులోనూ అక్కడి వైద్యులు మధ్యాహ్నం పూట ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి అందరికీ వివరించి చెబుతారు. ఈ సమీక్షలో నడిచే దారి తరువాత నేను నిస్సంకోచంగా పూర్తి మార్కులు వేసేది ఆ మాటలకే. మామూలు తలనొప్పికీ మెదడు వాపుకూ తేడా ఎలా పట్టాలి, పడుకున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోతే దాని అర్థం ఏమిటి, ఎత్తు జబ్బుకు వాడే ఎసెటజోలమైడ్ మాత్ర ఎవరు వేసుకోవచ్చు, ఎవరు వేసుకోకూడదు అన్నవి అక్కడ విన్నంత తేటగా నేను ఇంకెక్కడా వినలేదు. ఏ లక్షణం ఉన్నా పైకి పోకూడదు, ముదిరితే అర్ధరాత్రయినా కిందికి దిగాలి అన్న రెండు ముక్కలనే వాళ్లు రకరకాలుగా చెబుతారు. వయసులో ఉన్నవారికీ, జిమ్ములో కండలు పెంచినవారికీ ఈ జబ్బు రాదనుకుంటే పొరపాటు. బలమైనవాడు వేగంగా ఎక్కి ముందే జబ్బు తెచ్చుకుంటాడు.

ఆగిన రోజున గదిలో పడుకోకుండా ఊరి పక్కనున్న గంగాపూర్ణ హిమానీనదం కింది సరస్సు పైన గట్టు దాకా ఎక్కి దిగడం మంచి అలవాటు, పగలు ఎత్తుకు పోయి రాత్రి కింద నిద్రపోతే ఒళ్లు సర్దుకుంటుంది. మనాంగ్ బేకరీల్లో ఆపిల్ పై, దాల్చిన చెక్క రొట్టెలు, సీబక్‌థార్న్ పండ్ల పుల్లని నారింజ రంగు రసం దొరుకుతాయి. మంచినీళ్ల కోసం ప్లాస్టిక్ సీసాలు కొనక్కర్లేదు. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాజెక్టు వారు దారిలోని ఊళ్లలో శుద్ధి చేసిన నీటి కేంద్రాలు పెట్టారు, సీసా కన్నా చాలా తక్కువ ధరకు నింపుకోవచ్చు. అయితే అవి పొద్దున్నే తెరవరు. ముందురోజు సాయంత్రమే నింపుకోవాలన్నది కొత్తవాళ్లకు చెప్పేవారు ఉండరు. డబ్బు కూడా అంతే: కనుమ దాటేదాకా సరిపడా నేపాలీ నోట్లు వెంట ఉండాలి. మన వంద రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలన్నది స్థిరమైన మారకం కాబట్టి లెక్క సులువు, మార్చుకోవడం మాత్రం కాఠ్మాండులోనో పోఖరాలోనో ముగించాలి.

మనాంగ్ దాటిన తరువాత దారి మార్స్యాంగ్దీని వదిలి కుడి లోయలోకి తిరుగుతుంది, చెట్లు పొదలవుతాయి, పొదలు గడ్డి అవుతాయి. నాలుగు వేల మీటర్ల మీదనున్న యాక్ ఖర్కాలో ఒక రాత్రి, సుమారు 4,450 మీటర్ల థొరాంగ్ ఫేదీలో ఒక రాత్రి అన్నది నేను సిఫారసు చేసే మజిలీ. యాక్ ఖర్కా దాటాక వచ్చే లేదర్ అనే చిన్న మజిలీ తరువాత రాళ్లు జారిపడే వాలు ఒకటి ఉంది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఫొటోల కోసం ఆగకుండా, పొద్దుటిపూటే, మనిషికీ మనిషికీ మధ్య ఎడం పాటిస్తూ దాటాలి.

టీ హౌస్‌ల మార్కులు పడిపోయేది ఇక్కడే. ఫేదీలో లాడ్జిలు తక్కువ, అక్టోబరులో నడిచేవారు ఎక్కువ. గైడు ముందురోజు ఫోను చేసి ఖాయం చేసుకున్న గదిని పెద్ద గుంపు రాగానే వాళ్లకిచ్చేసి, మమ్మల్ని భోజనాల గదిలో బెంచీల మీద పడుకోమన్నారు. బెంచీ మీద నిద్ర పట్టకపోవడం నా ఫిర్యాదు కాదు, సీజన్‌లో అది మామూలే. కాకపోతే ఆ గదిలో రాత్రి పది దాకా కబుర్లు, తెల్లవారుజామున మూడింటికే ఫలహారం హడావిడి, మధ్యలో మిగిలేది కనుమ ఎక్కాల్సిన రాత్రికి ఏ మూలకూ చాలని విశ్రాంతి. మరుగుదొడ్ల దగ్గర డ్రమ్ములో నీళ్లు పైన మంచు పెచ్చు కట్టి ఉంటాయి, దాన్ని మగ్గుతో పగలగొట్టాలి. దానికి యజమానిని తప్పుపట్టలేం. ఇచ్చిన మాట తప్పడాన్ని మాత్రం తప్పుపట్టాలి.

ఫేదీ మీద ఇంకా నాలుగు వందల మీటర్ల పైన హై క్యాంప్ అని ఒక చోటు ఉంది. అక్కడ పడుకుంటే కనుమ రోజు ఉదయం చాలా ఎక్కుడు తగ్గుతుందని గైడ్లు నచ్చజెబుతారు. నా సలహా వేరు. యాక్ ఖర్కా నుంచి ఒకే రోజులో అక్కడికి పోతే పడుకునే ఎత్తు ఎనిమిది వందల మీటర్లకు పైగా పెరుగుతుంది, మనాంగ్‌లో వైద్యులు చెప్పినదంతా ఆ ఒక్క రాత్రితో గాలికిపోతుంది. అలాగే పోదలిచినవారు ఫేదీలో ఒక రాత్రి గడిపాకే పోవాలి.

గైడు సంగతి కూడా ఇక్కడే. విదేశీ ట్రెక్కర్లు లైసెన్సున్న గైడు వెంటే వెళ్లాలని నేపాల్ టూరిజం బోర్డు 2023 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. స్వేచ్ఛగా తిరగడం అలవాటైనవారికి ఇది చిరాకే గానీ, ఈ భాగంలో గైడు జీతం దండగ అని నేను అనలేను, ముఖ్యంగా మొదటిసారి ఇంత ఎత్తుకు పోయేవారి విషయంలో. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతంలో అడుగుపెట్టే అనుమతికి సార్క్ దేశాల పౌరుల నుంచి 1,000, మిగతా విదేశీయుల నుంచి 3,000 నేపాలీ రూపాయలు తీసుకుంటారు. భారతీయులకు వీసా అక్కర్లేదు. అమెరికా, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు మాత్రం వీసాతో పాటు రెండో రుసుమే వర్తిస్తుంది. పోర్టరును పెట్టుకునేవారు అతనికి చలికోటు, చేతి తొడుగులు ఉన్నాయో లేదో ఏజెన్సీని అడగడంతో సరిపెట్టకుండా, బయలుదేరేముందు స్వయంగా చూడాలి.

కనుమ రోజున నాలుగు, నాలుగున్నరకే నుదుటి దీపాలతో నడక మొదలవుతుంది. తొందర ఎందుకంటే, పొద్దెక్కేకొద్దీ కనుమకు అవతలి ముస్తాంగ్ వైపు నుంచి గాలి లేచి, మధ్యాహ్నానికి మనిషిని నిలబడనివ్వదు. హై క్యాంప్ దాటాక దారి మరీ నిటారుగా ఉండదు. ఇదే కనుమ అనిపించే గట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిరుత్సాహపరుస్తాయి, అంతే. పది అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకోవడం ఇక్కడ అందరూ చేసేదే. నడవలేనివారికి ఫేదీలో గుర్రాలు అద్దెకు దొరుకుతాయి, కానీ ఎత్తు జబ్బు మొదలైనవారు గుర్రమెక్కి ఇంకా పైకి పోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కొసన రంగు వెలిసిన ప్రార్థనా పతాకాల కుప్ప, ఎత్తు రాసిన బోర్డు, రాళ్లతో కట్టిన చిన్న టీ గది ఉంటాయి. దారి మొత్తం మీద అతి ఖరీదైన టీ అదే, మొహమాటపడకుండా తాగవలసిందీ అదే.

ఈ కనుమను తేలికగా తీసుకోవద్దని చెప్పడానికి మన వైపు నుంచే ఒక కారణం ఉంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత ఇక్కడ మంచు తుపానుగా విరుచుకుపడింది. కనుమ మీదా, చుట్టుపక్కల లోయల్లోనూ ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, స్థానికులు కలిపి 40 మందికి పైగా మరణించారు. ఆకాశం తేటగా ఉండే నెలగా పేరున్న అక్టోబరులోనే అది జరిగింది. కాబట్టి బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్న వార్త వస్తే మన తీరంలో ఉన్నవారే కాకుండా మనాంగ్‌లో ఉన్నవారూ చెవి పెట్టాలి, లాడ్జివాళ్లు ఫరవాలేదన్నా రెండు రోజులు ఆగాలి. హెలికాప్టర్ రక్షణ ఉన్న బీమా లేకుండా ఈ దారిలో అడుగు పెట్టకూడదు, బీమా పత్రంలో ఎత్తు పరిమితి ఎంత ఉందో చదవకుండా సంతకం పెట్టకూడదు.

అందరూ ఎక్కుడు గురించే భయపడతారు, దిగుడు గురించి ఎవరూ చెప్పరు. కనుమ నుంచి ముక్తినాథ్ దాకా పదహారు వందల మీటర్లకు పైగా ఒకే పూటలో దిగాలి, అదీ పొద్దుటినుంచి నడిచి అలిసిన కాళ్లతో. పై సగంలో ఉదయం మంచు గట్టిగా ఉంటే బూట్లకు తగిలించుకునే ఇనప పళ్లు కావాలి. కింది సగంలో గులకరాళ్లు జారుతాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి రెండు చేతికర్రలు తప్పనిసరి. చరాబు దగ్గర టీ దుకాణాల్లో కూర్చుని నూడుల్స్ తిని, కాసేపు బూట్లు విప్పి, తరువాత కదలడం మేలు. దిగుతున్నంతసేపూ ఎదురుగా పచ్చదనం ఛాయ లేని ముస్తాంగ్ కొండలు గోధుమ, ఇటుక, బూడిద రంగుల పొరలుగా పరుచుకుని ఉంటాయి. ఎడమ వైపున 8,167 మీటర్ల ధవళగిరి తల ఎత్తుతుంది.

కొండ పైనుంచి దిగివచ్చేవారికి రాణీపౌవా బజారు కన్నా ముందు గుడి ప్రాకారమే ఎదురవుతుంది. వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటిగా, సాలగ్రామ క్షేత్రంగా మనవారికి తెలిసిన ఈ గుడి బౌద్ధులకూ పుణ్యస్థలమే. గుడి వెనక అర్ధచంద్రాకారంగా ఉన్న గోడకు వృషభ ముఖాలు, ఒక్కో ముఖం నుంచి ఒక్కో ధార. కొండ మీది మంచు కరిగిన నీళ్లవి. మొదటి ధార కింద తల పెట్టగానే నుదురు జివ్వుమంటుంది, ఇరవయ్యో ధార దాటేసరికి నెత్తి ఉన్న స్పృహ పోతుంది. కనుమ దిగిన ఒంటితో అప్పటికప్పుడు తడవడం నేను సిఫారసు చేయను. కిందికి పోయి, తిని, నిద్రపోయి, మర్నాడు ఎండ వచ్చాక పొడి బట్టలు తీసుకుని రావడం ఉత్తమం. ఆ పక్కనే ఉన్న జ్వాలామాయి మందిరాన్ని హడావిడిలో చాలామంది వదిలేస్తారు. రాతి సందులోంచి వచ్చే సహజ వాయువుతో వెలిగే చిన్న నీలి జ్వాలను అక్కడి బౌద్ధ సన్యాసినులు తెర తొలగించి చూపిస్తారు. వంగి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగితేనే అది కనిపిస్తుంది.

రాణీపౌవా లాడ్జిల్లో వేడి స్నానం, మెత్తని పరుపు, జీపు రోడ్డు పుణ్యమా అని తాజా కూరగాయలు దొరుకుతాయి. మార్చి నుంచి జూన్ దాకా యాత్రికుల బస్సులు, జీపులు కిక్కిరిస్తాయి. తెలుగు మాటలూ చెవిన పడతాయి, ఒకటి రెండు చోట్ల వంటవాళ్లు దోసె కూడా వేస్తున్నారు, దాని గురించి ఆశలు పెట్టుకోకపోవడం మంచిది. వేడినీళ్లు సూర్యరశ్మితో కాగేవి కాబట్టి సాయంత్రం అయిదు లోపల స్నానం ముగించాలి. ఒక మార్కు తగ్గించినది సేవలో ఉదాసీనతకు: ఒక రాత్రి ఉండి పోయే యాత్రికులకు అలవాటు పడిన చోట మనాంగ్ దీదీల్లా ఆరా తీసేవారు ఉండరు.

ఓపిక ఉన్నవారు అక్కడ జీపు ఎక్కకుండా ఇంకో పూట నడిచి, సుమారు 2,800 మీటర్ల కాగ్బేనీకి దిగితే బాగుంటుంది. కాళీగండకి ఒడ్డున నల్లని గుండ్రాళ్లు పగిలిన చోట్ల, ఒకప్పుడు ఇక్కడ ఉన్న టెథిస్ సముద్రంలో బతికిన అమ్మోనైట్లు అనే సుడి చిప్పల జీవుల శిలాజాలు కనిపిస్తాయి. మనం పూజలో పెట్టుకునే సాలగ్రామాలు ఇవే. దుకాణాల్లో అమ్మేవాటిలో చెక్కినవీ, అతికించినవీ కలుస్తుంటాయి గనుక తెలిసినవారు వెంట లేకుండా ఖరీదైనవి కొనకూడదు. ఈ లోయలో పదకొండు గంటలకల్లా ఎదురుగాలి మొదలవుతుంది, జోమ్సోమ్ నుంచి పోఖరాకు విమానాలు ఉదయం పూటే ఎగరడానికి కారణమూ అదే. మబ్బు పడితే ఆ విమానాలూ రద్దవుతాయి. కాబట్టి కాఠ్మాండు నుంచి ఇంటికి పోయే టికెట్టుకు ముందు కనీసం రెండు ఖాళీ రోజులు పెట్టుకుని, జీపుకు సరిపడా నోట్లు జేబులో విడిగా దాచుకోవాలి.